కోలారు గనులలో వాల్వు చెప్పిన సాక్ష్యం

కోలారు బంగారు గనుల పేరు చెప్పగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది పసిడి. ఆ గనులు లోకానికి ప్రసాదించిన మరొక నిధి విజ్ఞానం. దాని విలువ గ్రహించాలంటే, పాత వాల్వు యంత్రాన్ని బాగుచేసే పనివాని పద్ధతిని ముందుగా తెలుసుకోవాలి.

1904లో ఫ్లెమింగ్ రెండు ధ్రువాల వాల్వును రూపొందించాడు. కొద్ది యేండ్లలోనే డి ఫారెస్ట్ దానికి గ్రిడ్ అనే తీగజాలాన్ని చేర్చాడు. బలహీనమైన సంకేతాన్ని బలపరచే ఆంప్లిఫైయరు అలా సాధ్యమైంది. హామ్ రేడియో ఔత్సాహికులు దశాబ్దాల పాటు వాల్వులతోనే దూరదేశాల వారితో సంభాషించారు. అటువంటి పాత ఆంప్లిఫైయరు మొరాయిస్తే అనుభవజ్ఞుడు తొందరపడి చేయి పెట్టడు. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా కండెన్సర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. మొదట దానిని జాగ్రత్తగా ఖాళీ చేస్తాడు. హోరు వినిపిస్తే ఎండిపోయిన కండెన్సరును, చిటపటలు వినిపిస్తే వదులైన సాకెట్టును, శక్తి క్షీణిస్తే వయసు మళ్ళిన వాల్వును అనుమానిస్తాడు. ఒక్కొక్క భాగాన్నే పరీక్షిస్తాడు. యంత్రం తనంతట తాను చేసే చప్పుడేదో, బయటి నుండి వచ్చిన వార్త యేదో వేరుపరచడమే అతని విద్య.

మన గనులలో ఈ వివేకమే మహత్తర ఫలితాన్నిచ్చింది. 1951లో బి.వి. శ్రీకంఠన్ ఇచ్చట విశ్వకిరణ పరిశోధనకు శ్రీకారం చుట్టారు. అటుపిమ్మట టాటా సంస్థ, జపానులోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని డర్హామ్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు చాంపియన్ రీఫ్ గనిలో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, పరికరాలను గోడల వలె నిలువుగా అమర్చారు. ప్రక్కల నుండి అంతటి రాతిని దాటి రాగలిగినవి న్యూట్రినోలు మాత్రమే. అవి రాతిలో పుట్టించిన కణాలు ప్లాస్టిక్ పలకలను తాకినపుడు మినుకుమనే కాంతిని ఫొటోమల్టిప్లయరు గొట్టాలు గ్రహించేవి. అవీ వాల్వు వంశానికి చెందినవే. ఒక్క ఎలక్ట్రానును లక్షలుగా పెంచగలవు. అయితే వెలుగు లేకున్నా అటువంటి గొట్టం అప్పుడప్పుడు తనంతట తాను స్పందిస్తుంది. అందుచేత నాలుగు గొట్టాలు ఏకకాలంలో పలికితేనే నమ్మాలని నియమం పెట్టుకున్నారు. నెలల తరబడి వేచితే వేళ్ళపై లెక్కించదగిన సంఘటనలే లభించాయి. వాతావరణంలో జనించిన న్యూట్రినోల ఉనికిని 1965 ఆగస్టులో ప్రకటించారు. అదే మాసంలో దక్షిణాఫ్రికా బంగారు గనిలో పనిచేసిన బృందం కూడా ఇటువంటి ఫలితాన్నే వెల్లడించింది.

2001 ఫిబ్రవరి 28న మన గనులు మూతపడ్డాయి. బ్రతుకుతెరువు వెదుకుతూ ఎన్నో కుటుంబాలు తరలిపోయాయి. అయినా ఆ నాలుగు గొట్టాల నియమం మూతపడలేదు. మన విద్యార్థులు ప్రయోగశాలలో ముల్లు కదలగానే సంబరపడక, కదిలించినది ప్రకృతియా, పరికరపు లోపమా అని ఒక్క క్షణం ప్రశ్నించుకుంటే, ఈ గడ్డ వారసత్వం వారి చేతిలో పదిలంగా ఉన్నట్లే.