సిటీ బస్సు సమయపాలన: ఎవరి గడియారం ప్రమాణం?

నగర బస్సుల ఆలస్యాన్ని చాలాకాలం రవాణా సంస్థల సిబ్బందే కొలిచారు. కూడలిలో నిలబడిన ఉద్యోగి కాగితంపై రాసుకున్న వేళలే ఆధారం. ప్రయాణికుని వద్ద ఉన్నది ఫిర్యాదు మాత్రమే. ఈ స్థితిని మార్చిన పరిణామానికి మూలం 2005 నాటి అమెరికా నగరం పోర్ట్‌లాండ్‌లో ఉంది. అక్కడి ట్రైమెట్ సంస్థ, గూగుల్ కలిసి బస్సు వేళలను ఎవరైనా చదువుకోగల సాదా పట్టికలుగా రూపొందించాయి. అదే జి.టి.ఎఫ్.ఎస్. 2011లో బస్సు ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలిపే అనుబంధ ప్రమాణం వచ్చింది. ప్రకటించిన వేళను, నడిచిన వేళను పక్కపక్కన పెట్టి చూడటం బయటివారికీ సాధ్యమైంది. ఢిల్లీ 2018లో ఈ బాట పట్టింది.

అయితే ‘సకాలం’ అన్న మాటకే నిర్వచనం కావాలి. ట్రైమెట్ లెక్కలో ఒక నిమిషం ముందు నుంచి 5 నిమిషాల ఆలస్యం వరకు సకాలమే. ముందుగా వెళ్లిపోయిన బస్సు పట్ల ఈ కాఠిన్యం సమంజసమే. దానిని అందుకోలేనివారికి అది రాని బస్సుతో సమానం. పది నిమిషాలకొక బస్సు తిరిగే మార్గంలో మాత్రం ఈ కొలత చాలదు. అక్కడ వేళ చూసుకొని వచ్చేవారు అరుదు. బస్సులు సమాన వ్యవధిలో వస్తే సగటు నిరీక్షణ 5 నిమిషాలు. అవే జంటగా 20 నిమిషాలకొకసారి వస్తే 10. ఒక్క బస్సూ తగ్గలేదు, నిరీక్షణ రెట్టింపైంది. లండన్ ఈ అదనపు నిరీక్షణనే కొలతగా స్వీకరించి, బస్సులు నడిపే సంస్థలకిచ్చే ప్రోత్సాహకాలను, కోతలను దానికే ముడిపెట్టింది.