చెరువు కట్టిన ఊరు

ఇట్ల దగ్గరికి జరుగు బిడ్డా, నెగడు కాడ కూసో. ఆ ఫోను పక్కన పెట్టు, అది యాడికీ పారిపోదు.

ఎనకటోళ్లు అంత కలిసి ఎట్లుండేటోళ్లని అడిగినవ్ గద? కలిసుండుడేమో గానీ కొట్లాటలకు మాత్రం కొదువ లేకుండె. జానెడు గెట్టు కోసం కర్రలు తీసినోళ్లున్నరు. పెండ్లి బంతిల పప్పు తక్కువ పోసిండ్రని ఏండ్లకేండ్లు మాట్లాడనోళ్లున్నరు. అయినా ఊరు చెదరలే. ఎందుకంటే ఊరందరికి చెరువొక్కటే.

రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కాకతీయుల నాటివని బడిల చదివే ఉంటవ్. చెరువు తవ్వించుడంటే బిడ్డను కన్నంత పుణ్యమని సప్తసంతానాలల్ల దాన్నీ లెక్కేసిండ్రు. రాజులు కట్టించిండ్రు సరే, గిన్ని వందల ఏండ్లు చెరువును నిలబెట్టిందెవరు? తట్ట మోసినోళ్లు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందంటరు గద, ఉమ్మడి చెరువు మాత్రం బతికింది. ఎట్లనో విను.

ఎండాకాలం నీళ్లు తగ్గంగనే పూడిక మట్టి బండ్లకెత్తి పొలాలకు తోలుకునేటోళ్లం. యూరియా బస్తా అప్పుడెవడెరుగు? ఎవని మడి బలానికి వాడు తోలుకున్నా చెరువు లోతయ్యేది. కట్టకు గండి పడుతదంటే ఇంటికో మనిషి రావాల్సిందే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటే ఆడ నడవది. మా వాడల ఇద్దరు అన్నదమ్ములకు మాటల్లేవు. కట్ట మీద పక్కపక్కనే మట్టి పోస్తుంటే, చిన్నోడు ఎద్దు దిక్కు తిరిగి "ఓ ఎద్దా, ఆ పార ఇటియ్యమను" అనేటోడు. పెద్దోడు ఎద్దుకే జవాబు చెప్పి పార ఇచ్చేటోడు. పగ పగే, పని పనే.

    

తూము తెరిచి నీళ్లొదిలే మా నీరటికి జీతం లేదు, కల్లం కాడ ప్రతి రైతూ కొలిచిచ్చే వడ్లే. తూము బిగుసుకపోతే నడుముకు తాడు కట్టుకొని మునిగేటోడు. పైకొచ్చేదాక కట్ట మీదోళ్లం మేమూ ఊపిరి బిగబట్టేటోళ్లం. నీళ్లు తక్కువైన ఏడు, తాబి, అంటే యాసంగి పంటకు ముందు అందరం కట్టమైసమ్మ కాడ కూసొని తైబందీ చేసుకునేది. ఉన్న నీళ్లకు ఎంత పారుతదో నీరటి చెప్పేటోడు. తూముకు దగ్గరున్న అంత జాగనే తలా ఇంత పంచుకొని నాటేటోళ్లం. ఆయకట్టు చివరి మడోనికీ అండ్ల పాలుండేది. మీది మడోడు గొణిగేటోడు. గొణిగినా ఇచ్చేటోడు, వచ్చే ఏడు గండి పడితే ఆ చివరోడే తట్ట పట్టుకొని రావాలె గద.

అన్ని ఊర్లు గిట్లనే ఉండెనని చెప్తే అబద్ధమైతది. దొర మడి నిండినంకనే పక్కోని మడికి నీళ్లొదిలిన ఊర్లెన్నో. వెట్టికి వంగిన నడుములెన్నో. అసొంటి ఊర్లల్ల మనిషి భయానికొచ్చి మట్టి పోసిండు. నీళ్లల్ల పాలిచ్చిన కాడ అర్ధరాత్రి గండంటే చెప్పకముందే ఉరికొచ్చిండు.

ఆ ఎనక కరెంటొచ్చింది, బోర్లొచ్చినయ్. ఎవని నీళ్లు వానివైనయ్. నీరటికి వడ్లిచ్చుడు బందైంది, ఆయన కొడుకు పట్నం పోయిండు. కట్ట మీద తుమ్మలు మొలిచినయ్, చెరువు శిఖంల ఇండ్లు లేసినయ్. బోర్లు ఎండినంకగానీ చెరువు యాదికి రాలే మనకు.

2015ల మిషన్ కాకతీయ పెట్టి, తెలంగాణల 46 వేలకు పైన చెరువులు బాగు చేయాలని మొదలువెట్టిండ్రు. పూడిక మట్టి రైతులే ట్రాక్టర్లల్ల తోలుకపోయిండ్రు. అది చూసి నాకెంత సంబురమైందో! కానీ తూము ఎవరు తెరవాలె, నీళ్లు తక్కువైతే ఎవరికెంతనో కూసొని మాట్లాడుకునుడు ఏ మిషను చేస్తది బిడ్డా? సంకురాత్రి దాక ఉంటనంటివి గద, ఒకపారి నీ ఈడోళ్లను నలుగురిని మైసమ్మ కాడికి పిల్వు. ఆ తుమ్మలు నరుకుడు కాడ మొదలువెట్టుండ్రి, తూము యాడున్నదో నేనొచ్చి చూపిస్త.