నప్పి ముద్ద

పోయిన ఆదివారం రాత్రి ఇంగ్లండ్ నుంచి నా పాత రూమ్మేట్ వీడియో కాల్ చేసింది. పీహెచ్‌డీ రోజుల్లో రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఫోన్ పట్టుకుని వాళ్లాయన గ్యారేజీలోకి వెళ్లి, కాగితంలో చుట్టిన ఇటుక ముక్కలాంటిదాన్ని కెమెరా ముందు పెట్టింది. ముదురు గోధుమ రంగు. "ఇదేంటో చెప్పుకో" అంది, రెండో చేత్తో ముక్కు మూసుకుని.

చెప్పాను. బెలాచాన్. ఉప్పేసి పులియబెట్టిన రొయ్యల ముద్ద, మలయా వాళ్ల సరుకు. వాళ్లాయన సెలవు రోజుల్లో కార్ప్ చేపలకి గాలం వేస్తాడట. ఎర ఉండలు షాపులో ఖరీదని ఇంట్లోనే చేసుకుంటున్నాడు. చేప పొడి, సోయాపిండి, రవ్వ, కోడిగుడ్లు, కిలో పిండికి 50 గ్రాముల బెలాచాన్. కలిపి, ఉండలు చుట్టి, రెండు నిమిషాలు ఉడకబెట్టి ఆరబెడతాడు. అక్కడ కార్ప్ పట్టేవాళ్లకి ఇది పాత చిట్కానే. పట్టిన చేపని వాళ్లు తినరు. ఫొటో దిగి, జాగ్రత్తగా మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. ఈ సంగతి మా అమ్మకి చెబితే చాలాసేపు నమ్మలేదు.

"నువ్వు ఇంటి నుంచి తెచ్చుకునే డబ్బా వాసన ఇదే కదే" అంది రూమ్మేట్. ఇదే. ఆ డబ్బా గదిలో ఉండకూడదని వార్డెన్‌కి చెప్పింది కూడా తనే. తను మర్చిపోయినట్టుంది. నేను గుర్తు చేయలేదు.

మిత్రులారా, ఈ సిరీస్‌లో ఇన్నాళ్లూ మనుషుల తిండి గురించి రాశాను. ఈసారి చేపలకి పెట్టే తిండి గురించి. ఓపిగ్గా చదవండి, చివరికి మళ్లీ మనుషుల దగ్గరికే వస్తాం.

ఆ డబ్బాలో ఉన్నదాన్ని మా ఇంట్లో నప్పి అంటాం. మీ నిఘంటువుల్లో వెతక్కండి, దొరకదు. అది బర్మా మాట, ఙపి. ఙ అంటే చేప, పి అంటే అదిమి నొక్కినది. అక్షరమాలలో తప్ప మనకి పెద్దగా అక్కరకు రాని ఆ ఙ, బర్మాలో రోజూ అన్నంలోకి వస్తుంది. చేపలతో చేస్తారు, చిన్న రొయ్యలతోనూ చేస్తారు.

మా ఊరు కోరంగికి దగ్గర. 1839 తుపానులో దెబ్బతిన్న రేవది. అయినా దాని పేరు సముద్రం దాటి మనుషులకి అంటుకుంది. రంగూన్‌లో తెలుగు కూలీలందరినీ కోరంగీలనే పిలిచేవాళ్లు, వాళ్లు విశాఖపట్నం వైపు వాళ్లయినా సరే. మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని ఓడెక్కడం, రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పనిచేయడం, రిక్షా లాగడం, మరుగుదొడ్లు ఎత్తడం. ఆ ఓడల్లో మన మాల మాదిగ వాడల నుంచి వెళ్లినవాళ్లు ఎంతోమంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె ముగిశాక బర్మా వాళ్లను పొమ్మన్నారు. కోపం దొరల మీదికి పోలేదు, పక్క కూలీ మీదికి పోయింది. వందమందికి పైగా చనిపోయారు.

ఆడవాళ్లు తక్కువగా వెళ్లిన ఆ రోజుల్లో మా తాతమ్మ వెళ్లింది. నప్పి చేయడం ఆమెకి నేర్పింది పక్క గదిలో ఉండే ఒక బర్మా ఆవిడ. గొడవల తర్వాత కూడా వాళ్లిద్దరూ ఒకే రోట్లో దంచుకున్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఇది మా ఇంటి మాట, దీనికి ఏ రికార్డూ లేదు. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే అరకాన్ కొండల దారిన నడిచి వచ్చారు. వేలమంది దారిలోనే పోయారు. మా తాత అప్పుడు ఆరేళ్ల పిల్లాడు. తాతమ్మ వెంట సామాను రాలేదు. నప్పి చేసే పద్ధతి వచ్చింది.

చేయడం ఎలాగో రాస్తాను, ఎందుకంటే దీన్ని కుళ్లిన సరుకు అనుకునేవాళ్లే ఎక్కువ. బాగా సన్న రొయ్యలు. అసిటిస్ అంటారు శాస్త్రంలో. సంతలో రొయ్యపొట్టు పేరుతో కొలిచి అమ్మేది చాలాచోట్ల ఇదే. పచ్చివి తెచ్చి, ఉప్పు పట్టించి, నీళ్లు కారిపోయేదాకా ఉంచి, చాప మీద ఎండలో పరిచి, సగం ఎండాక రోట్లో దంచి, జాడీలో గాలి లేకుండా అదిమి కుక్కాలి. కొన్నాళ్ల తర్వాత తీసి మళ్లీ ఎండ, మళ్లీ రోలు, మళ్లీ జాడీ. ఉప్పు తగ్గితే నిజంగానే కుళ్లుతుంది, పురుగు పడుతుంది. ఉప్పు సరిపోతే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆగిపోయి, ఉప్పుని తట్టుకునేవి, రొయ్య పొట్టలోని ఎంజైములూ కలిసి మాంసకృత్తుల్ని చిన్న ముక్కలుగా కోసేస్తాయి. ఆ ముక్కలే అమైనో ఆమ్లాలు. వాటిలో ముఖ్యమైనది గ్లూటమేట్. దాని రుచికి 1908లో జపాన్‌లో ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త ఉమామి అని పేరు పెట్టాడు. ఇప్పుడు స్టార్ హోటల్ మెనూల్లో ఉంటుంది ఆ మాట.

జాడీలో ఆవకాయ ఉంటే మాగింది అంటారు. అదే జాడీలో నప్పి ఉంటే కుళ్లింది అంటారు.

అందరూ అలా అనలేదు లెండి. 1688లో టోంకిన్ వెళ్లిన ఇంగ్లిష్ నావికుడు విలియం డాంపియర్ అక్కడి రొయ్యల ముద్ద గురించి, చేప పులుసు నీళ్ల గురించి రాశాడు. వాసన ఘాటే, కానీ అక్కడివాళ్లకి ఎంతో ఇష్టమైన వంటకమని న్యాయంగానే చెప్పాడు. ఓడలో పురుగు పట్టిన రొట్టె తిన్నవాళ్లకి ముక్కు అంత పొగరుగా ఉండదేమో. రెండొందల ఏళ్లు గడిచి తెల్లవాళ్లు బర్మాకి పాలకులయ్యాక ఙపి వాళ్లకి పెద్ద తమాషా అయిపోయింది. 1882లో షవే యో అనే మారుపేరుతో బర్మా మీద పుస్తకం రాసిన స్కాట్ ఒక అధ్యాయం మొత్తం ఙపి తయారీకే ఇచ్చాడు. జున్నుకి ఎవరూ అలాంటి అధ్యాయం రాయలేదు.

ఇక గాలం సంగతి. ఊరి చెరువు ఏటా పాటలో పోయేది. పాట పాడే డబ్బు మా వాడలో ఎవరికీ లేదు. కాబట్టి తాత గాలం మురుగు కాలవలో. వానాకాలం బురద నీళ్లు వచ్చినప్పుడు మిగతావాళ్లు గాలాలు చుట్టేసుకుంటే తాత బయల్దేరేవాడు. వేయించిన తవుడు, వేరుశనగ చెక్క, జిగురు కోసం గుప్పెడు గోధుమపిండి, నిమ్మకాయంత నప్పి. నప్పిని ముందు కాసిని నీళ్లలో నానబెట్టి, పైన తేరిన ఉప్పునీళ్లు పారబోసి కలిపేవాడు. ఉప్పు ఎక్కువైతే చేప నోట పెట్టి ఊసేస్తుందనేవాడు. ముద్దని తడి గోనె కింద గంట ఉంచి, చిన్న ఉండ చేసి పళ్లెంలో నీళ్లలో వేసి చూసేవాడు. వెంటనే విడిపోకూడదు, రాయిలా ఉండిపోనూ కూడదు. చుట్టూ సన్నగా మబ్బు కమ్మాలి. "అమ్మడూ, ముద్ద కరిగితే చేపకి కబురు పోతది. కరక్కపోతే కబురే లేదు" అనేవాడు.

జెల్లలకి, మార్పులకి పొద్దు వాలాక. మార్పు అంటే మన నాటుది, ఇప్పుడు పేపర్లలో వస్తున్న నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కాదు. బంగారుతీగకి తెల్లారగట్ల. బంగారుతీగ కరవదు, దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. పీల్చి చూస్తుంది, నచ్చకపోతే ఊదేస్తుంది. బెండు మునగదు, వణుకుతుంది. ఆ వణుకుకే లాగాలి. ఇంకో సంగతి, ఈ బంగారుతీగ మన చేప కానే కాదు. 1939లో సిలోన్ నుంచి నీలగిరికి ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కి ఇంకో రకం తెచ్చారు. నప్పీ తూర్పు నుంచే వచ్చింది, బ్యాంకాక్ రకమూ అటు నుంచే వచ్చింది, రెండూ మా మురుగు కాలవలో కలుసుకున్నాయి.

తాత చెప్పిన కబురు సంగతి శాస్త్రం వేరే మాటల్లో చెబుతుంది. జెల్ల జాతి చేపలకి రుచి మొగ్గలు నోట్లోనే కాదు, మీసాల మీద, పెదాల మీద, ఒళ్లంతా ఉంటాయి. 1971లో యెల్లె అటెమా అనే శాస్త్రవేత్త అమెరికాలోని ఒక రకం క్యాట్‌ఫిష్ ఒంటి మీద 1,75,000కి పైగా ఉంటాయని లెక్కగట్టాడు. మనిషికి కొన్ని వేలు. ఆ మొగ్గలు బాగా పట్టుకునేది అమైనో ఆమ్లాలనే. తవుడులో ఉన్న మాంసకృత్తు పెద్ద మూట, నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. నప్పిలో మూట ముందే విప్పి ఉంటుంది. బురదలో కళ్లు పనిచేయని చోట ఆ కరిగిన రుచి తాడులా సాగి చేపని లాక్కొస్తుంది. చేపకి అది కంపు కాదు. తిండి ఇక్కడుంది అనే వార్త.

కంపు అన్నాను కదా. నా పీహెచ్‌డీ తెలుగులో, కాబట్టి కాసేపు భరించండి. పాత కావ్యాల్లో పూలకి కూడా కంపు ఉంది. కన్నడంలో కంపు అంటే ఇప్పటికీ సువాసనే. మన దగ్గర ఆ మాట ఎప్పుడో కింద పడింది. నీచు అనే మాట చూడండి. చేపా మాంసం వాసన నీచు, ఆ కూర నీచు, అది తిన్న రోజు నీచు ముట్టిన రోజు. పుట్టుక సంగతి పక్కన పెడితే, నీచు అన్నా నీచుడు అన్నా చెవికి ఒకేచోట తగులుతాయి.

మొన్న క్లాసులో ఆదిపర్వం చెబుతున్నాను. మత్స్యగంధి కథ. పడవ నడిపే పిల్ల ఒంటికి చేప వాసన. పరాశరుడు వరమిచ్చాక అది పోయి యోజనం దూరం పరిమళం. ఆ తర్వాతే శంతనుడు, ఆ తర్వాతే రాణి. వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచి, "మేడం, వాళ్ల నాన్నకి కూడా ఆ పిల్ల కంపు కొట్టేదా?" అన్నాడు. క్లాసు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ కుర్రాడు పొద్దున్నే చేపల మార్కెట్లో పని చేసి కాలేజీకి వస్తాడు. అతని పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ నేను ఏడాదిగా చూస్తున్నాను, ఏమీ అనలేదు.

ఎందుకు అనలేదో చెబుతాను. నా సబ్మిషన్ రోజు తాత యూనివర్సిటీకి వచ్చాడు. రాత్రంతా రైల్లో కూర్చుని, సంచిలో నప్పి డబ్బాతో. గైడ్ గదిలోకి వెళ్లే ముందు నేను తాతని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి సబ్బు ఇచ్చాను. "చేతులు కడుక్కో తాతా" అన్నాను. ఆయన కడుక్కున్నాడు. నేను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మళ్లీ కడుక్కోమన్నాను. రెండోసారి కూడా ఏమీ అనకుండా కడుక్కున్నాడు. ఆ ఏడాదే పోయాడు. వార్డెన్‌కి చెప్పిన రూమ్మేట్‌ని తిట్టుకోవడం నాకు సులువు. ఆ కుళాయి దగ్గర ఉన్నది మాత్రం నేనే.

రూమ్మేట్ వాళ్లాయన మెసేజ్ పెట్టాడు. మా తాత కొలతలు కావాలట, తవుడుకి నప్పి ఎంతో గ్రాముల్లో. నిమ్మకాయంత అంటే ఏ నిమ్మకాయ అని అడిగాడు. ఆ సందేహం నాకూ ఉంది. ఈ శనివారం ఊరెళ్లాను. అమ్మ జాడీ దించింది. తాత ముద్ద ఎంత తీసేవాడో చూపించమంటే, అరచేతిలో గుండ్రంగా చేసి చూపించింది. వంటింటి త్రాసు మీద పెట్టాను. 38 గ్రాములు. అమ్మ "లేదే, ఆయన చెయ్యి పెద్దది" అని ఇంకొంచెం కలిపింది. 45. నోట్‌బుక్‌లో రాసుకున్నాను, పైన తాతమ్మ పేరు, తాత పేరు పెట్టి. అతనికి పంపాలా వద్దా అనేది ఇంకా తేల్చుకోలేదు.