తంజుంగ్ తువాన్ మీదుగా డేగల దారి

మా మలేషియాలో శరదృతువు వచ్చిందని ఏ చెట్టూ చెప్పదు. ఆకు రాలదు, చలి పుట్టదు. కానీ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సైబీరియా, చైనా, జపాన్ ప్రాంతాల డేగలూ గద్దలూ మా ద్వీపకల్పం మీదుగా దక్షిణానికి పోతూనే ఉంటాయి. చాలా ఎత్తున, చెదురుమదురుగా పోతాయి కాబట్టి ఊళ్లో ఉన్నవాళ్లకు ఆనవు. అవే పక్షులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో సుమత్రా నుంచి తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒకచోట చెట్ల చిటారు కొమ్మల మీదుగా, మన తలల మీదుగా వస్తాయి. అది పోర్ట్ డిక్సన్ పక్కనున్న తంజుంగ్ తువాన్. పోర్చుగీసుల నాటి పేరు కేప్ రచాడో. చుట్టూ ఉన్న నేలంతా నెగ్రి సెంబిలాన్ రాష్ట్రానిదైనా ఆ కొండ ముక్క మలక్కా రాష్ట్రానిది.

నేను బగాన్ దాతో కొబ్బరితోటల్లో పెరిగాను. శ్రీకాకుళం వైపు నుంచి, తోటలకు కూలీలను తెచ్చే కంగాణీ వెంట వచ్చిన కుటుంబం మాది. గద్ద అంటే అక్కడ మాకు కోళ్లగూటి శత్రువు. "ఒలే, పిల్లల్ని గంప కింద మూయండే, గద్దొచ్చింది!" అని మా నాయనమ్మ కేకేస్తే ఎక్కడి ఆటలు అక్కడ ఆపి పరుగెత్తేవాళ్లం. తంజుంగ్ తువాన్ మీద ఎక్కువగా కనిపించే తేనెగద్ద ఆ జాతి కాదు. దానికి ముఖ్యమైన తిండి కందిరీగల, తేనెటీగల గూళ్లలోని పిల్లపురుగులు. కుట్టినా ముల్లు దిగకుండా దాని ముఖం మీద ఈకలు పొలుసుల్లా బిగిసి ఉంటాయి. తల చిన్నది, మెడ సన్నం. దుర్భిణిలో ఒక్కసారి సరిగ్గా చూస్తే మళ్లీ పోల్చుకోవడం కష్టం కాదు.

ఇన్ని వేల పక్షులు ఈ ఒక్క కొండకే ఎందుకు రావాలి? మలక్కా జలసంధి ఇక్కడ బాగా సన్నబడుతుంది. అవతల సుమత్రా తీరాన్ని ఆనుకున్న రూపత్ దీవికి నలభై కిలోమీటర్ల లోపే దూరం. పెద్ద రెక్కల పక్షి నేల మీద నుంచి లేచే వేడిగాలిని పట్టుకుని, రెక్క ఆడించకుండా పైకి తేలుతుంది. సముద్రం మీద ఆ ఆసరా అంతగా దొరకదు, రెక్కలు కొట్టుకుంటూనే రావాలి. అందుకే నీళ్లు తక్కువున్న చోటు వెతుక్కుంటాయి. ఒడ్డు చేరేసరికి అలసిపోయి బాగా కిందికి దిగిపోతాయి. కొండ అడవి మీద వేడిగాలి తగలగానే రెక్కలు చాచి, సుళ్లు తిరుగుతూ నిమిషాల్లో చుక్కలైపోతాయి. నేను చూడాలని పోయేది ఆ మలుపు కోసమే. అంతవరకూ బరువుగా కొట్టుకున్న రెక్కలు ఉన్నట్టుండి ఆగిపోతాయి.

ఆ సన్నని దారే మనుషుల్నీ ఇక్కడికి రప్పించింది. పోర్చుగీసులు 1511లో మలక్కాను పట్టుకున్నారు. ఈ జలసంధిలో పోయే ప్రతి ఓడా వాళ్లకు లెక్కే. 1606 ఆగస్టులో ఈ భూశిరం ఎదుటే మాటెలీఫ్ నడిపిన డచ్చి నౌకలూ, గోవా నుంచి వచ్చిన పోర్చుగీసు రాజప్రతినిధి మార్తిమ్ అఫోన్సో ది కాస్ట్రో నౌకలూ ఢీకొన్నాయి. అప్పుడు మునిగిన డచ్చి ఓడ నస్సావు జాడ 1993లో దొరికింది. ఇప్పుడు కొండ మీదున్న దీపస్తంభం 1863 నాటిది. నావికులు గుర్తుగా పెట్టుకున్న కొండనే డేగలూ గుర్తుగా పెట్టుకున్నాయి. వాళ్లకన్నా ముందు నుంచీ డేగలు ఈ దారిన వస్తున్నాయనడంలో నాకేమీ సందేహం లేదు.

జపాన్‌లో హిరోయోషి హిగుచి బృందం తేనెగద్దలకు చిన్న ట్రాన్స్‌మిటర్లు కట్టి ఉపగ్రహాల ద్వారా వాటి దారి గీసింది. తూర్పు చైనా సముద్రం దాటి, చైనా, ఇండోచైనాల మీదుగా మా ద్వీపకల్పంలోకి దిగి, సుమత్రాకు పోతున్నాయని తేలింది. 1940లో పుట్టిన ఇక్కడి ప్రకృతి సంఘం 2000 నుంచి మార్చిలో తంజుంగ్ తువాన్‌లో డేగల ఉత్సవం జరుపుతోంది. దీపస్తంభం దగ్గర స్వచ్ఛంద కార్యకర్తలు చేతిలో లెక్కమీటలు నొక్కుకుంటూ గంటలకొద్దీ ఎండలో నిలబడతారు. నల్లటి జుట్టుకొప్పున్న చిన్న బాజా డేగలు గుంపుగా వచ్చినప్పుడు ఆ మీటల చప్పుడు జోరందుకుంటుంది.

మిగిలిన అడవి వంద హెక్టార్లు కూడా లేదు. దాని చుట్టుపక్కల తీరమంతా హోటళ్లు లేచాయి. సముద్రం దాటి అలసి వచ్చిన పక్షికి వాలడానికి ఒక కొమ్మ ఉండాలి కదా! ఈ అడవిలో ఒక్క చెట్టు కూడా తగ్గకూడదని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఆదివారాలు పోర్ట్ డిక్సన్ ఇసుకలో పిల్లల్ని ఆడించడానికి వచ్చే మన తెలుగువాళ్లు మార్చి మొదటి పక్షంలో ఒక్కరోజు కొండెక్కండి. తెల్లవారుజామున పోతే లాభం లేదు, పదకొండు నుంచి మూడు గంటల మధ్య వెళ్లండి. టోపీ, మంచినీళ్లు మరవకండి. పడమటి వైపు, సముద్రం మీదికి చూస్తూ ఉండండి.