ఇద్దరి జట్టులో బరంపురం యువకుడు

పట్టునేతకు పేరొందిన బరంపురంలో తెలుగు, ఒడియా భాషలు ఒకే వీధిలో వినవస్తాయి. ఈ పట్టణానికి చెందిన కె. రవికుమార్ 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలలో భారత వెయిట్ లిఫ్టింగ్ జట్టు సభ్యుడు. ఆ జట్టులో ఉన్నవారు ఇద్దరే. రెండవ సభ్యురాలు మణిపూర్‌కు చెందిన సోనియా చాను.

ఈ క్రీడ ఈ సీమకు కొత్తది కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు శ్రీకాకుళం కూడా గంజాం జిల్లాలోనిదే. ఆ శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. అయినను, ఎనిమిదేండ్ల తరువాత బీజింగ్ వేదికపై బరువెత్తిన భారతీయులు ఒక్కరూ లేరు.

లండన్‌కు ఇద్దరే వెళ్ళడానికి కారణముంది. ఈ క్రీడలో ఒలింపిక్ స్థానం ముందుగా వ్యక్తికి గాక దేశానికి లభించేది. ప్రపంచ, ఆసియా పోటీలలో జట్టంతా కూడబెట్టిన పాయింట్లను బట్టి స్థానాల సంఖ్య నిర్ణయమయ్యేది. పురుషులలో భారతదేశానికి దక్కినది ఒక్క స్థానమే. కనుక రవికుమార్ వెనుక, లండన్ చూడని సహచరుల శ్రమ కూడా ఉన్నది.

2010 అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో, 69 కిలోల విభాగంలో అతడు స్నాచ్‌లో 146, క్లీన్ అండ్ జెర్క్‌లో 175, మొత్తం 321 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. లండన్‌లో ఎత్తగలిగినది 303 కిలోలు. తన ఢిల్లీ బరువుకే 18 కిలోలు తక్కువ. స్వర్ణం పొందిన చైనా క్రీడాకారుడు లిన్ చింగ్‌ఫెంగ్ 344 కిలోలు ఎత్తగా, రవికుమార్‌కు 15వ స్థానం దక్కింది. సోనియా చాను తన విభాగంలో ఏడవ స్థానంలో నిలిచింది. ఇద్దరికీ పతకం రాలేదు.

కథ అక్కడితో ముగియలేదు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో, అంతకన్న పై విభాగమైన 77 కిలోలలో 317 కిలోలు ఎత్తి అతడు రజతం అందుకున్నాడు.

పతకాల పట్టికలో 15వ స్థానానికి చోటుండదు. కాని బీజింగ్‌లో ఖాళీగా మిగిలిన వేదికను తలచుకొన్నవారికి, లండన్‌లో ఆ ఇద్దరూ నిలిచిన చోటు ఎంత విలువైనదో బోధపడుతుంది. పిల్లలకు గెలిచిన కథతోపాటు ఈ కథ కూడా చెప్పవలసినదే.