ప్రధాన కారణాంక విభజన: దత్తాంశ పర్యాప్తత ప్రశ్నల్లో భాజనీయత

ఒకటి కంటే పెద్దదైన ఏ పూర్ణసంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయడాన్ని ప్రధాన కారణాంక విభజన అంటారు. 360ని 2³ × 3² × 5గా రాయడం ఇందుకు ఉదాహరణ. ఒక సంఖ్య మరొకదాన్ని నిశ్శేషంగా భాగిస్తుందా అనే ప్రశ్నను ఇది ఘాతాంకాల పోలికగా మార్చేస్తుంది. భాజకంలోని ప్రతి ప్రధాన సంఖ్యా భాజ్యంలో కనీసం అన్నిసార్లు ఉంటే చాలు.

దత్తాంశ పర్యాప్తత ప్రశ్నలో జవాబు కట్టనక్కర్లేదు. ఇచ్చిన సమాచారంతో జవాబు ఒకే విధంగా తేలుతుందా లేదా అన్నది చెప్పాలి. తేలుతుందని ధీమాగా అనగలగడానికి కారణం, ఏ సంఖ్యకైనా ఇలాంటి విభజన ఒక్కటే ఉండటం. గుణకాల వరస మార్చవచ్చు గానీ గుణకాలను మార్చలేం. బడిలో ఒక్క వాక్యంలో దాటిపోయే ఈ ఏకైకతను స్పష్టంగా చెప్పి నిరూపించడానికి, యూక్లిడ్ నుంచి లెక్కిస్తే, రెండువేల ఏళ్లు పట్టింది.

క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ 7వ భాగంలో దీనికి పునాది వేశాడు. ప్రతి సంయుక్త సంఖ్యనూ ఏదో ఒక ప్రధాన సంఖ్య భాగిస్తుందని, రెండు సంఖ్యల లబ్ధాన్ని ఒక ప్రధాన సంఖ్య భాగిస్తే ఆ రెంటిలో ఒకదాన్నైనా భాగించి తీరుతుందని అక్కడ నిరూపించాడు. ఏకైకతకు కావలసిన సరుకంతా ఇందులోనే ఉంది. అయినా సాధారణ సిద్ధాంతంగా దాన్ని ఆయన చెప్పలేదు. పారశీక గణితజ్ఞుడు కమాలుద్దీన్ అల్ ఫారిసీ 1300 ప్రాంతంలో స్నేహ సంఖ్యలను పరిశీలిస్తూ, ప్రతి సంఖ్యనూ ప్రధానాలుగా విడదీయవచ్చని చూపాడు. మన దేశంలో నారాయణ పండితుడు 1356 నాటి ‘గణిత కౌముది’లో భాజకాలు కనుక్కోవడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. సంఖ్యను రెండు వర్గాల భేదంగా రాసి కారణాంకాలు రాబట్టే ఉపాయం అందులో ఉంది. ఫ్రాన్సులో ఫెర్మా అదే దారి పట్టింది 17వ శతాబ్దంలో.

చివరికి 1801లో గౌస్ ‘డిస్క్విజిషియోనెస్ అరిత్మెటికే’ 16వ అంశంలో ఏకైకతను సూటిగా చెప్పి నిరూపించాడు. పదో తరగతి పుస్తకంలో ‘అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం’గా చదువుకునేది దీన్నే.

దీనికి నిరూపణ ఎందుకు కావాలో 1, 5, 9, 13, 17... అనే సంఖ్యల లోకంలోకి వెళితే తెలుస్తుంది. 4తో భాగిస్తే 1 శేషం వచ్చేవి మాత్రమే అక్కడ ఉంటాయి. ఆ లోకంలో 9, 21, 33, 77 ఇంకా విడిపోవు. అయినా 693 అటు 9 × 77, ఇటు 21 × 33 కూడా. అంటే ‘విడిపోని’ 9 ఒక లబ్ధాన్ని భాగిస్తూనే దాని గుణకాల్లో దేన్నీ భాగించడం లేదు. ఏకైకతను నిరూపించకుండా నమ్మితే ఏమవుతుందో చరిత్రలోనూ కనిపిస్తుంది. 1847 మార్చి 1న పారిస్ సైన్స్ అకాడమీలో గణితజ్ఞుడు లామే, ఫెర్మా చివరి సిద్ధాంతానికి ఋజువు దొరికిందని ప్రకటించాడు. సంకీర్ణ సంఖ్యల్లోనూ విభజన ఏకైకమే అనే నమ్మకం మీద ఆ ఋజువు నిలబడి ఉందని లియువిల్ అక్కడే అనుమానం వెలిబుచ్చాడు. ఆ సంఖ్యల్లో ఏకైకత చెల్లదని జర్మనీలో కుమ్మర్ అప్పటికే ప్రచురించి ఉన్నాడు.

పరీక్షల సంగతికొస్తే, అమెరికాలో వ్యాపార నిర్వహణ కళాశాలల ప్రవేశ పరీక్ష 1954లో మొదలై 1976లో జీమ్యాట్ పేరు పొందింది. దత్తాంశ పర్యాప్తత దానికి గుర్తింపు ప్రశ్నగా మారింది. 2023 నవంబరులో వచ్చిన కొత్త రూపంలో ఈ తరహాను డేటా ఇన్‌సైట్స్ విభాగంలోకి మార్చారు. తెలుగు రాష్ట్రాల ఐసెట్‌లో దీనికి 20 ప్రశ్నలుంటాయి.

ఒక ఉదాహరణ: ఒక ధన పూర్ణసంఖ్యను 72 నిశ్శేషంగా భాగిస్తుందా? మొదటి ప్రవచనం, దాన్ని 24 భాగిస్తుంది. రెండోది, 36 భాగిస్తుంది. ఇక్కడ 72 = 2³ × 3². మొదటిది 2³ × 3 మాత్రమే హామీ ఇస్తుంది, 3 ఒకటి తక్కువ. రెండోది 2² × 3² ఇస్తుంది, 2 ఒకటి తక్కువ. రెండూ కలిస్తే ఒక్కో ప్రధాన సంఖ్యకు పెద్ద ఘాతాంకం తీసుకోవాలి. 2³ × 3² వస్తుంది, సరిపోతుంది. ఇదే ప్రశ్నలో 24, 36 స్థానంలో 12, 18 పెడితే కలిపినా 36 దాటదు. ఆ సంఖ్య 36 అయితే జవాబు ‘కాదు’, 72 అయితే ‘అవును’. కాబట్టి ఆ సమాచారం చాలదు. ఇక్కడ విద్యార్థి తడబడేది 12 × 18 = 216 అని గుణించేసి, అందులో 72 ఉందిగా అనుకోవడం వల్ల. 12, 18 రెండింటిలోనూ ఉన్న 6ను అలా రెండుసార్లు లెక్కవేసినట్టవుతుంది. తీసుకోవలసింది క.సా.గు., లబ్ధం కాదు.

వర్గాల ప్రశ్నలు ఇంకా అందమైనవి. ఒక సంఖ్య వర్గాన్ని 24 భాగిస్తుందని ఇచ్చి, ఆ సంఖ్యను 12 భాగిస్తుందా అని అడిగారనుకోండి. 24 = 2³ × 3. వర్గంలో ఘాతాంకాలన్నీ సరిసంఖ్యలే కాబట్టి, అందులో కనీసం 2⁴ × 3² ఉండి తీరాలి. దాని వర్గమూలంలో 2² × 3, అంటే 12. ఆ ఒక్క ప్రవచనమే చాలు.

కూడికలు వచ్చినప్పుడు మాత్రం ఈ పద్ధతికి బలం తగ్గుతుంది. రెండు సంఖ్యల్లో ఒకదాన్ని 7 భాగించి రెండోదాన్ని భాగించకపోతే, మొత్తాన్ని 7 భాగించదని తేల్చవచ్చు. రెండింటినీ భాగించకపోతే ఏమీ తేలదు: 3 + 4 = 7, 3 + 5 = 8. అక్కడ శేషాల లెక్క అందుకోవాలి.