వాలీబాల్: మూడు స్పర్శల్లో ఇమిడే ఆట

వాలీబాల్‌లో బంతిని చేతబట్టుకుని ఆలోచించే వెసులుబాటు ఎవరికీ లేదు. తాకిన క్షణంలోనే అది సహచరునికి అందాలి, లేదా అవతలి కోర్టుకు చేరాలి. అందువల్ల ఈ క్రీడలో ఒకరి నైపుణ్యం విలువ తరువాతి ఆటగాడి పని ఎంత సులువైందన్న దానిపై ఆధారపడుతుంది.

1895లో అమెరికాలోని హోలియోక్‌లో విలియం మోర్గాన్ రూపొందించిన ఈ ఆటకు 1964 టోక్యో ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కింది. భారత పురుషుల జట్టు ఆసియా క్రీడల్లో 1958లో కాంస్యం, 1962లో రజతం, 1986లో కాంస్యం గెలుచుకుంది. 1986 జట్టులో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు తండ్రి పి.వి. రమణ సభ్యుడు.

కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. నెట్ ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, మహిళలకు 2.24 మీటర్లు. ఒక్కో జట్టులో ఆరుగురు ఆడతారు. బ్లాక్‌ను మినహాయిస్తే, మూడు స్పర్శల్లోగా బంతిని నెట్ దాటించాలి.

సర్వీస్

రిఫరీ విజిల్ వేసిన 8 సెకన్లలోగా కోర్టు చివరి గీత వెనుక నుంచి సర్వీస్ చేయాలి. కొత్తవారికి చేతిని కింది నుంచి ఊపి కొట్టే అండర్‌హ్యాండ్ సర్వీస్ అనువైనది. ఫ్లోట్ సర్వీస్‌లో బంతి గిర్రున తిరగదు. గాలిలో దిశ మారుతూ ప్రత్యర్థిని తికమకపెడుతుంది. ముందుకు తిరుగుతూ వెళ్లే టాప్‌స్పిన్ సర్వీస్‌లో నెట్ దాటగానే వేగంగా కిందికి దిగుతుంది.

పాస్

సర్వీస్‌ను అందుకునే తొలి స్పర్శ ఇది. మోకాళ్లు వంచి, రెండు చేతులనూ కలిపి, మోచేతులు మడవకుండా ముందుకు చాచాలి. మణికట్టుకు కాస్త పైన, ముంజేతులపై బంతిని తీసుకోవాలి. చేతులను విసురుగా ఊపితే బంతి అదుపు తప్పుతుంది. బలం కాళ్ల నుంచి రావాలి, దిశను ముంజేతుల వాలు నిర్ణయించాలి. బంతి వచ్చాక చేతులు చాచడం కాదు, రాకముందే పాదాలు అక్కడికి చేరడం ముఖ్యం.

సెట్

రెండో స్పర్శ సాధారణంగా సెట్టర్‌ది. మన మైదానాల్లో దీన్నే లిఫ్టింగ్ అంటారు. నుదుటికి పైన వేళ్లను గిన్నె ఆకారంలో విప్పి, వేళ్ల కొసలతో బంతిని మృదువుగా పైకి పంపాలి. బంతి చేతుల్లో నిలిచిపోతే ఫౌల్. పాస్ నెట్ దగ్గరకు సరిగా అందితే సెట్టర్ ముందు పలు దారులు ఉంటాయి. దూరంగా పడితే ఒకటో రెండో మిగులుతాయి. అప్పుడు ప్రత్యర్థి సులభంగా పసిగడతాడు.

స్మాష్

కుడిచేతి ఆటగాడు ఎడమ, కుడి, ఎడమ అడుగులతో పరుగు తీసి, రెండు కాళ్లపై ఎగిరి, చేయి పూర్తిగా చాచి బంతిని పైభాగాన కొట్టాలి. రెండు పాదాలపైనా మోకాళ్లు వంచి దిగితే గాయాల ముప్పు తగ్గుతుంది.

బ్లాక్, డిఫెన్స్

నెట్ వద్ద చేతులెత్తి స్మాష్‌ను ఆపడం బ్లాక్. బ్లాకర్ చూపు బంతిపైనే కాక, కొట్టేవారి భుజంపైనా ఉండాలి. బ్లాక్‌ను దాటిన బంతిని నేలకు తగలకుండా లేపడం డిఫెన్స్. వేరే రంగు జెర్సీ ధరించే లిబెరో ఇందులో నిపుణుడు.

సర్వీస్ హక్కు తిరిగి దక్కిన ప్రతిసారీ జట్టు గడియారపు ముల్లు దిశలో స్థానాలు మార్చుకోవాలి. అందుకే ఎంతటి స్మాషర్ అయినా పాస్ నేర్వక తప్పదు. ప్రేక్షకుల చప్పట్లు స్మాష్‌కే దక్కుతాయి. అయితే తొలి పాస్ తప్పితే ఆ స్మాష్‌కు అవకాశమే అరుదు. సాధన చేసేవారు రోజూ మొదటి సమయాన్ని పాస్‌కే కేటాయించడం మేలు. దానికి ఒక గోడ, ఒక బంతి చాలు.